కుంకుమలో కలిసిన తీగ గులాబీ

మా ముత్తాతగారు ఒక సంస్థానానికి దివాను. మా తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు. కలెక్టరు మదనపల్లె వస్తే ముందు మా బంగళాలో కాఫీ తాగి, ఆ తర్వాతే కచేరీకి వెళ్ళేవాడు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆ బంగళా వరండా మీదికి పాకిన గులాబీ గురించి చెప్పాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి.

ఆ తీగని తాతగారు కూనూరు టీ తోటల దొర ఒకరి ద్వారా ఓడలో తెప్పించారు. ఆస్ట్రేలియాలో ఒకాయన మన మణిపూర్ కొండల్లో పెరిగే పెద్ద అడవి గులాబీతో సంకరం చేసి, ఎండకి తట్టుకునే తీగ గులాబీలు పుట్టించాడు. వాటిలో ఒకటి ఇది. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. రేక పైన లేత గులాబీ రంగు, తిప్పి చూస్తే అడుగున ముదురు. వాసన అప్పుడే మూత తీసిన టీ డబ్బాలా ఉంటుందని నాన్నగారు చెప్పేవారు. దాని పేరు మాత్రం ఆయనకీ గుర్తులేదు.

నేనుండేది అమెరికాలో, మోరిస్‌విల్‌లో, టౌన్‌హౌస్‌ల వరసలో ఒకదాంట్లో. పక్కింటి పోపు వాసన నా పరుపుకి అంటుకుంటుంది. వెనక నాలుగడుగులు వేస్తే అయిపోయే జాగా, ఒక చెక్క ఫెన్స్. మూడేళ్ళ క్రితం కాలిఫోర్నియాలో పాతకాలపు గులాబీలు పెంచే నర్సరీ కేటలాగ్‌లో నాన్నగారి మాటలకి సరిపోయే తీగ ఒకటి కనిపిస్తే ఆర్డర్ చేశాను. పెన్సిలంత కొమ్మ వచ్చింది. అది మాదో కాదో పూస్తే గాని తెలియదు. రెండేళ్ళు ఒట్టి ఆకులే. ఈ ఏప్రిల్‌లో పదకొండు మొగ్గలు తొడిగింది. గురువారం సాయంత్రానికి మూడింటి కొసలు విచ్చుకుంటున్నాయి. పొద్దున్నే చూడొచ్చని తాకకుండా వదిలేశాను.

శుక్రవారం ఏడింటికి కాఫీ కప్పుతో వెళ్ళేసరికి ఒక్కటీ లేదు. కత్తెరతో కోసింది కూడా కాదు. మెలితిప్పి లాగారు. కొమ్మల తొక్క పీచులు పీచులుగా వేలాడుతోంది.

ఫెన్స్ అవతల పక్కింటి అమ్మాయి మామగారు, ఆరు నెలలుండి పోదామని హైదరాబాద్ నుంచి వచ్చినాయన, వాకింగ్‌కి బయల్దేరుతున్నారు. చేతిలో ఇండియన్ స్టోర్ ప్లాస్టిక్ కవరు. దాని అడుగున ఎవరి ముంగిట్లోవో అజేలియా పూలు నలిగి నీరు కారుతున్నాయి. అంటే ఇది రెండో విడత.

“నా గులాబీలు మీరు కోశారా అండీ?”

“దేవుడికేనమ్మా. ఈ వయసులో నేనేమైనా తలలో పెట్టుకుంటానా?”

“మొగ్గలు కూడా కోసేశారు.”

“నూట ఎనిమిది నామాలకి రేకలు చాలొద్దా? విప్పితే మొగ్గలోనూ బోలెడు రేకలుంటయి. పుణ్యంలో సగం నీకేలే.”

“అది మా తాతగారి బంగళా మీది పువ్వు.”

“మరి మంచి పనికే పోయింది కదమ్మా.”

ఊళ్ళో ఇంకొకరి ప్రహరీ మీంచి చెయ్యి చాపి కోసే అలవాటు సముద్రం దాటినా పోలేదు. పైగా ఆ ముఖంలో సిగ్గన్నది లేదు. ఆయనతో మాట పెంచుకోవడం నాకు తగదనిపించి, నేరుగా వాళ్ళింటికి వెళ్ళి బెల్ కొట్టాను. మా వాళ్ళెవరూ పిలవని గుమ్మం తొక్కి ఎరగరు.

“రండి ఆంటీ, పూజ ఇప్పుడే అయింది. ప్రసాదం తీసుకెళ్ళండి” అంది ఆ అమ్మాయి.

అల్మరాలో దేవుడు. ముందు స్టీలు పళ్ళెం. రేకలన్నీ తుంచి, ఒక్కొక్కదాన్ని రెండు మూడు ముక్కలు చేసి, కుంకుమలో ముంచి వేసింది. పైన పాలు చిలకరించేసరికి అంతా ఎర్రటి ముద్దయింది. ఒక రేక పైకి తీశాను. వేళ్ళకి జిగటగా అంటుకుంది. చీర కొంగుతో తుడిచాను. పైనా ఎరుపే, అడుగునా ఎరుపే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

“అయ్యో ఆంటీ, దేవుడికి పెట్టింది వాసన చూడకూడదు.”

కర్పూరం వాసన, విరిగిన పాల వాసన. రేకని పళ్ళెంలో పడేసి చేతులు కడుక్కున్నాను. గోళ్ళ సందుల్లో ఎరుపు సాయంత్రం దాకా పోలేదు.

వస్తుంటే పెద్దాయన గుమ్మంలో ఎదురయ్యారు. కవరు మళ్ళీ నిండింది.

“వచ్చే ఏడు నేనూ మళ్ళొస్త, అదీ మళ్ళీ పూస్తది, ముందు నీకే చూపిస్తలే. మీ బంగళా పువ్వంటున్నవ్ గదా, చిన్నప్పటి నుంచీ చూసినదానివి. చూడంగనే గుర్తుపడతవ్.”

ఆ బంగళాని వరండాతో, తీగతో సహా నాన్నగారు ఒక రైస్ మిల్లు యజమానికి అమ్మేశారు. అప్పటికి నేనింకా పుట్టలేదు.