ఖర్జూరపు పాకానికి సీసాలు

సౌదీలోని హాయిల్‌లో నేను పనిచేసిన ఇంట్లో పెద్దావిడను హజ్ చేసొచ్చింది కాబట్టి బయటివాళ్ళు హజ్జా అనేవారు. పనివాళ్ళం మాత్రం మామా కబీరా అని పిలిచేవాళ్ళం, పెద్దమ్మ అన్నమాట. ఆమెను కనిపెట్టుకుని ఉండడానికే నన్ను రప్పించుకున్నారు. నేను కడప జిల్లా దాన్ని. భర్త పోయాక, కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చాను. వెళ్ళిన కొత్తలో ఆమె నన్ను అడిగిన మొదటి మాట, పొయ్యి ముందు కూర్చునే ఓపిక ఉందా అని. అరబ్బీ నాకు సగమే అర్థమైంది గాని, గరిటె తిప్పుతున్నట్టు చెయ్యి ఆడించి చూపింది కాబట్టి తెలిసింది. ఉందన్నాను.

ఆ ఓపిక దేనికో వేసవి చివర్లో తెలిసింది. ఊరి బయట వాళ్ళకు ఖర్జూర తోట ఉంది. పండు దిగినప్పుడు మంచివి పెట్టెల్లోకి పోగా, చితికినవీ మెత్తబడినవీ ఇంటికి వచ్చేవి. వాటి గింజలు తీసి, నీళ్ళలో ఉడికించి, గుడ్డలో వేసి పిండి, ఆ రసాన్ని చిక్కబడేదాకా కాస్తే నల్లటి పాకం అవుతుంది. దాన్ని దిబ్స్ అంటారు. మన బెల్లం పాకంలాగే ఉంటుంది, చివర్లో కొంచెం పులుపు తగులుతుంది. రొట్టెకు, నెయ్యికి, బాలింతల పథ్యానికి, ఏడాది పొడుగునా అదే. కాయడం నాకు తొందరగానే అలవాటైంది. కాచినదాన్ని ఎందులో పోసి నిలవ ఉంచాలన్నదే ఆ ఇంట్లో తెగని మాట.

మొదట్లో ఒక పెద్ద రాగి పాత్ర ఉండేది. మామా కబీరా అత్తగారి కాలం నాటిది. చిన్న కొడుకు, ఆయన భార్య, అంటే మా మేడం, ఆ ఇంట్లోనే ఉండేవారు. పెద్ద కొడుకు ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉండేవాడు. శుక్రవారం నమాజు కాగానే ఆయన భార్యాపిల్లలతో వచ్చేవాడు. కూతుళ్ళు కూడా వీలు చూసుకుని వచ్చేవారు. అందరికీ ఆ పాత్రలోంచే పోసేవాళ్ళం. మిగతా రోజుల్లో పాత్ర కాపలా ఆమెది. రోజూ మూత తీసి వాసన చూసేది. ఎవరైనా తడి గరిటె పెట్టి ఉంటే ఇట్టే పసిగట్టేది. పైన పొర కట్టబోతున్నట్టు అనిపిస్తే, అంతా ఒంపి మళ్ళీ కాయమనేది. చెయ్యి కాలినా, నడుం పట్టేసినా ఆ పని మానలేదు.

తర్వాత పాత్రలోపల కళాయి అరిగిపోయింది. పాకానికి చిలుము రుచి వచ్చింది. కళాయి పూసేవాళ్ళ కోసం ఆ ఇంటి డ్రైవరు ఊరంతా తిరిగాడు, దొరకలేదు. పాత్రను తోమి, సామాను గదిలో బోర్లించాం.

ఆ ఏడు మేడం తెల్లటి ప్లాస్టిక్ క్యాన్లు కొన్నది. కొత్తవే, శుభ్రమైనవే. కానీ పాకం వేడిగా పోస్తే అవి మెత్తబడి వంకర పోయాయి. అందుకని చల్లారనిచ్చి పోశాం. చలికాలం మధ్యకు వచ్చేసరికి క్యాన్ల పొట్టలు ఉబ్బాయి. మూత తిప్పగానే బుస్సుమని పుల్లటి వాసన కొట్టింది. పులిసి మత్తెక్కేది వాళ్ళకు నిషిద్ధం కాబట్టి అది ఇక తినేది కాదు. తోటకు తీసుకెళ్ళి మట్టిలో పోసేయమంది పెద్దామె. తానూ వస్తానని కారెక్కింది. నేనూ డ్రైవరూ ఒక్కొక్క క్యానే వంచుతుంటే కారులోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చాక మేడం వంటింట్లో ఏడుస్తుంటే దగ్గరికి పిలిచింది.

"నీ తప్పు కాదు. వేడి తట్టుకోలేని పాత్రలో పాకం నిలవదు. ఇప్పుడు నీకూ తెలిసింది" అంది.

మరుసటి ఏడు ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. రియాద్ తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. డాక్టర్లు ఏం చెప్పారో కొడుకులు ఆమెకు చెప్పలేదు. మాతో కూడా పుండు అనే అన్నారు. ఆమె ఏమీ అడగలేదు. నేను స్నానం చేయించేటప్పుడు తన చేతుల వంక చూసుకునేది, అంతే. ఖర్జూరం దిగే కాలం వచ్చినప్పుడు, ఈసారి వద్దులెమ్మని అందరూ అన్నారు. ఈసారీ కాయాల్సిందే అని ఆమె పట్టుబట్టింది.

ఆ శుక్రవారం పెద్ద కొడుకు పాలవాళ్ళు వాడేలాంటి పెద్ద స్టీలు క్యాను ఒకటి తెచ్చాడు. ఇద్దరు మోసుకుని లోపల పెట్టారు. తోట మొత్తం ఇందులో పడుతుంది, తుప్పు పట్టదు, వేడిగా పోయొచ్చు అని చెప్పాడు. నిజమే. చిన్న కొడుకు కెనడాలో చదువుకున్నవాడు. అక్కడ కూడా ఇంతేనని చెప్పాడు. మేపుల్ అనే చెట్టుకు గాటు పెట్టి, కారిన నీళ్ళు పట్టి, మన దిబ్స్ లాగే కాస్తారట. కుతకుతలాడుతుండగానే స్టీలు పీపాల్లో అంచుదాకా నింపి మూసేస్తారట. కాకపోతే పీపా తెరిచాక ఆలస్యం చెయ్యరట. మళ్ళీ వేడి చేసి చిన్న డబ్బాల్లోకి మార్చేస్తారట. తెరిచిన పీపాకు గాలి తగిలితే బూజు పడుతుందని వాళ్ళ భయం.

పెద్దామె శ్రద్ధగా విన్నది. మంచు దేశం వాళ్ళకూ ఈ బాధ ఉందన్నమాట అని నవ్వింది. క్యాను మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత, దీన్ని తోటలో నీళ్ళకు వాడుకోండి, నాకు చిన్న సీసాలు తెప్పించండి అంది.

పెద్ద కొడుకు మొహం మారింది. "సీసాల్లో పోసేది దుకాణం వాళ్ళమ్మా. మేం నీ ఇంటికి వచ్చి తినేవాళ్ళం. మేమేమన్నా పరాయివాళ్ళమా, సీసా చంకన పెట్టుకుని పోవడానికి?" అన్నాడు.

"పెద్ద పాత్రకు రోజూ మూత తీసి చూసే మనిషి ఉండాలి, నాయనా" అంది ఆమె. "వచ్చే ఏడు నేను ఉండను."

అన్ని నెలలుగా దాచిపెడుతున్న సంగతి ఆమే నోరు తెరిచి చెప్పేసింది. పెద్ద కొడుకు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి కళ్ళు కడుక్కుని వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. క్యాను గురించి మళ్ళీ ఎత్తలేదు.

సీసాలు ఎలాంటివి తేవాలో ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. గాజు మందంగా ఉండాలి. మూతి ఇరుగ్గా ఉండాలి, వెడల్పుగా ఉంటే చెంచాలు ముంచుతారు, ఇరుగ్గా ఉంటే ఒంపుకుంటారు. ఒక చిన్న కుటుంబం కొద్ది వారాల్లో ముగించగలిగేంతే ఉండాలి. మూతలు కొత్తవే కావాలి, వాసన చూడకుండా తీసుకోవద్దు.

డ్రైవరుతో కలిసి బజారుకు వెళ్ళాను. అతనిది నిజామాబాద్ పక్క పల్లె. అతను మొదట ఖాళీ ఆలివ్ డబ్బాలు చూపించాడు. తర్వాత ప్లాస్టిక్ డ్రమ్ము.

"ఇన్ని సీసలెందుకక్కా, ఒక్క డ్రమ్ముల పోసి మూలకు వెడితే ఒడ్సిపాయె గదా" అన్నాడు.

"వద్దులే తమ్ముడా. ఆయమ్మ ఎవురి వాటా వాళ్ళకి తానుండంగానే తీసిపెట్టాలనుకుంటాంది" అన్నాను.

అతను "గట్లనా" అని, ఆ తర్వాత తనే ముందు నడిచి గాజుసామాను దుకాణం వెతికాడు. దుకాణంలో ఉన్న బంగ్లాదేశ్ ఆయన, నేను ఒక్కో మూతా ముక్కు దగ్గర పెట్టుకోవడం చూసి, ఏమైంది అని హిందీలో అడిగాడు. డ్రైవరు చెప్పాడు. ఆయన లోపలికి వెళ్ళి విప్పని అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు.

కాచిన రోజు ఆమె చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. అప్పటికే ఏ వాసనా పడడం లేదు, నీళ్ళు తాగినా వాంతి. అయినా కదల్లేదు. పాకం అయిందా లేదా అని నేను రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీశాను. మా ఊళ్ళో తీగపాకం ఇట్లా చూస్తామని చెప్పాను. తన వేళ్ళ మీద ఒక చుక్క వెయ్యమంది. తీగ సాగి తెగింది. ఇంకొంచెం కాయి అంది. పోయినేడు మేం పలచగా దించేశామని అప్పుడు అర్థమైంది.

సీసాలను ముందు వేడినీళ్ళలో ఉంచి, తుడిచి ఆరబెట్టి, గుడ్డ మీద నిలబెట్టి పోశాం. ఒకటి సరిగా వేడెక్కలేదేమో, అడుగు టప్పున ఊడిపోయింది. మేడం చెయ్యి తప్పించుకుంది. మిగతావి అంచుదాకా నింపి, మూత బిగించి, పక్కకు పడుకోబెట్టాం. లోపలి వేడి మూతకు కూడా తగిలితే బూజు పట్టదని ఆమె చెప్పింది. సాయంత్రానికి అవి గోరువెచ్చగా అయ్యాక తన ఒళ్ళో ఒకటి పెట్టమంది. చలికి చేతులు కాచుకున్నట్టు దాన్ని పట్టుకుని అట్లాగే నిద్రపోయింది.

చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో ఆమె చనిపోయింది. పొద్దున పూట, కొడుకులిద్దరూ దగ్గరుండగా. ఖననానికి మగవాళ్ళే వెళ్ళారు, ఆడవాళ్ళం ఇంట్లోనే ఉండిపోయాం. పరామర్శకు వచ్చేవాళ్ళకు కాఫీ, ఖర్జూరాలు అందిస్తూ ఆ మూడు రోజులూ నాకు ఏడవడానికి తీరికే దొరకలేదు.

ఆ తర్వాత మేడం పెద్ద కొడుకును సామాను గదికి తీసుకెళ్ళింది. ఎవరికి ఏవి ఇవ్వాలో పెద్దామె నాకు నోటితో చెప్పి పెట్టింది, అందుకని నన్నూ రమ్మన్నారు. పిల్లలకు, పక్కింటి ఒంటరి ముసలామెకు, డ్రైవరుకు, నాకు, అందరికీ ఉన్నాయి. ఆయన ఒక సీసా తీసి దీపానికి ఎత్తి పట్టి చూశాడు. అమ్మ వీటి గురించి చివర్లో ఏమన్నా చెప్పిందా అని నన్ను అడిగాడు.

ఉన్నమాటే చెప్పాను. "తెరిచాక తొందరగా తినేయమంది బాబా. జ్ఞాపకమని దాచుకోవద్దంది."

ఆయన సీసాను కిందికి దించాడు. "నేను దాచుకుందామనే అనుకున్నాను" అన్నాడు.

ఆ శుక్రవారం పిల్లలతో వచ్చి, తన వాటాలోంచి ఒకటి తల్లి గదిలోనే తెరిచాడు. అందరూ నేల మీద కూర్చుని రొట్టెతో తిన్నారు. నన్నూ కూర్చోమన్నారు. సీసా ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

నా వాటా సీసాను సెలవుకు వెళ్ళినప్పుడు చీరల మధ్య చుట్టి తీసుకెళ్ళాను. ఇల్లు చేరిన రోజే మూత తీసి, మా అమ్మాయికి సద్దరొట్టె మీద పోసి పెట్టాను. ఇది ఎవరు చేసిందని అడిగింది. చెప్పడానికి మొదలుపెట్టానో లేదో, హాయిల్‌లో రాని ఏడుపు అక్కడ వచ్చింది.

తిరిగి వెళ్ళేసరికి తోటలో మళ్ళీ పండు దిగుతోంది. మేడం వంటింట్లో ఒక్కతే గింజలు తీస్తూ కనిపించింది. బ్యాగు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నేనూ కూర్చున్నాను.