అంకమ్మ ముడి

నిన్న మా బాల్కనీకి పావురాల వల కట్టడానికి మా అబ్బాయి ఒక మనిషిని పిలిపించాడు. అతను చుట్ట విప్పుతుంటే ఒక కొస అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. వలకు వాసన లేకపోవడమేమిటి? మైపాడులో నా చిన్నతనమంతా వలల వాసనే: పెద్ద బానలో తుమ్మచెక్క సలసలా కాగే వగరు, ఆ ఎర్రనీళ్ళలో ముంచి తీసిన నూలు వలలు ఇసుక మీద ఎండుతుంటే లేచే ఉప్పు వాసన, అవే నీళ్ళు పట్టిన చేతులతో అమ్మ కలిపిపెట్టిన మామిడికాయ చేపలపులుసు ముద్దలో కూడా కాస్త తుమ్మ వగరు.

పడవ ఒడ్డు తగలగానే వల ఎండేయాలి, తిండీ నీళ్ళూ ఆ తర్వాతే. తడి వల చూరు కింద పెడితే దరిద్రమనేవాళ్ళు, నూలు కుళ్ళిపోతుంది గనక. పిల్లలం గవ్వలాడుకుంటూ వలల మీదికి కుక్కలు రాకుండా కాపలా కాసేవాళ్ళం. ఆ వలలు అల్లడంలో మా మేనత్త అంకమ్మకు సాటి లేదు. మొగుడు సముద్రంలో పోయాక మా ఇంటికొచ్చింది గానీ ఎవరి దయ మీదా బతకలేదు. ఊళ్ళో సగం వలలు ఆమె వేళ్ళ మీదుగా వచ్చినవే.

అరవయ్యో సంవత్సరం చుట్టుపక్కల, నాకు పదేళ్ళప్పుడు, నెల్లూరు నుంచి వలల కొట్టు షావుకారు ఒకడు నైలాను దారం తెచ్చాడు. ఉడకెయ్యనక్కర్లేదు, కుళ్ళదు అని చెప్పి నాలుగైదు పడవల వాళ్ళకు ఊరికే పంచి పోయాడు. ఆ మొదటి వలలు నవ్వులపాలయ్యాయి. పాత ముడి ఆ నున్నటి దారం మీద నిలవక, వల కన్ను జారి, చేపలు దర్జాగా తమ దారిన పోయాయి. అత్త మూడు రోజులు గడపలో కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించి, వేసి, లాగి, విప్పి, మళ్ళీ వేసి, చివరికి బిగించేముందు ఇంకొక చుట్టు తిప్పింది. నాయన రెండు చేతులా గుంజినా కన్ను కదల్లేదు.

"నీ చేతుల్లో ఏముందిమే!" అన్నాడు.

ఊళ్ళో ఒక పెళ్ళికొచ్చిన ఇసకపల్లి చుట్టాలు ఆ ముడి నేర్చుకుపోయారు, వాళ్ళ ఆడబిడ్డ తూపిలిపాళెం పట్టుకుపోయింది, వియ్యంకుల వెంట తీరమంతా పాకింది. షావుకారూ వచ్చి, అత్త ఎదుట గొంతుక్కూర్చుని, నవ్వు మొహంతో నేర్చుకుని, ఒక ముక్క కోసుకుపోయాడు. మరుసటి పున్నమికల్లా అది వాడి "కొట్టు ముడి" అయింది. దొంగ సచ్చినోడు!

ఎండాకాలం గడిచేసరికి నైలాను వలలు పుటుక్కు పుటుక్కుమని తెగసాగాయి. తాతల నాటి అలవాటు కొద్దీ మావాళ్ళు వాటినీ రోజూ ఎండేశారు మరి. ఎండే తినేస్తోందని ఎవరికి తట్టింది? రెండో చుట్టు దారాన్ని కోస్తోందన్నారు. ఆ మాట మొదట అన్నది మా నాయనే.

"నీ ముడే కొంప ముంచినాది. ఇంక వల ముట్టబాక."

ఆ రోజు నుంచి అత్త దగ్గరికి దారం తెచ్చినవాళ్ళు లేరు. నిన్నటిదాకా బతిమాలినవాళ్ళే మొహం తిప్పుకుని పోయేవాళ్ళు.

తర్వాత నాయన వెంట నెల్లూరు వెళ్ళినప్పుడు కొట్టులో చూశాను: నైలాను చుట్టలన్నీ లోపలి చీకటి గదిలో, గోనెపట్టాల కింద. ఎందుకలా దాచారని గుమాస్తాను అడిగాను.

"ఎండ తగిల్తే దారం చస్తాది పాపా," అన్నాడు.

అంటే షావుకారుకు తెలుసు! తెలిసీ నోరు మెదపలేదు; తెగితేనే గదా కొత్తది కొనేది. ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆమె మొదట్లో అల్లి చూసి దూలానికి వేలాడదీసిన ముక్క ఇంట్లోనే ఉంది. దాన్నీ, ఎండిన వలనూ మగవాళ్ళందరి ముందూ పట్టి గుంజింది. ఎండినది పాతగుడ్డలా చిరిగింది. ఎండ తగలని ముక్క ఆమె వేలు కోసింది గానీ తెగలేదు.

వారం తిరక్కుండా ఊరంతా వలలకు తాటాకు పందిళ్ళు లేచాయి. తప్పయింది అంకమ్మా అని ఒక్కడంటే ఒక్కడు రాలేదు. పైగా ఎవరో ముడి చూపించమంటే మా నాయన, అత్త అన్నం వడ్డిస్తుండగానే, "ఇది కొట్టు ముడి" అన్నాడు. నేను ఊరుకోలేక, అది అత్తది అని అరిచాను.

"ఎవురిదైతే ఏంది, ఊడకుంటే చాల," అన్నాడు.

అత్త గిన్నె దించి, వల అల్లే వెదురుపుల్లను పొయ్యిలో పెట్టింది. పోయేదాకా మళ్ళీ వల ముట్టలేదు.

ఇప్పుడు ఆ బాన లేదు, తుమ్మచెక్క అమ్మేవాళ్ళు లేరు, వలలు యంత్రాలే అల్లుతున్నాయి. నిన్నటి మనిషి మాత్రం కమ్మీలకు అంచులు చేత్తోనే కట్టాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. రెండు చుట్లు.

"ఏ ఊరు నాయనా? ఇదేం ముడి?"

"ఇసకపల్లి పెద్దమ్మా. కొట్టు ముడంటాము."

"అంకమ్మ ముడి. మా అత్తది," అన్నాను గట్టిగా.

అతను నవ్వాడు. "ఎవురిదైతే ఏంది పెద్దమ్మా, ఊడకుంటే చాల."

నిచ్చెన దిగమన్నాను. కట్టినదంతా కోసి పట్టుకుపొమ్మన్నాను. మా అబ్బాయి నాకు మతిపోయిందనుకున్నాడు. పావురాలొస్తే రానీ.