శకుంతల చెప్పిన కంద

కొల్లూరు లంకలో శకుంతలకు ఎకరన్నర పొలం ఉంది. భర్త రాఘవయ్య నోట్లోంచి మాట రావడమే గగనం. ఆవిడ పిలిస్తే మాత్రం పాయ అవతల వాళ్లు కూడా పలికేవారు. ఆ గొంతే ఆమెకు వాట్సాప్‌లో పేరు తెచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు రైతులు నాలుగు వందల మంది ఉన్న గ్రూపు అది. టైపు చేయడం రాక ఆమె అన్నీ వాయిస్ మెసేజీలే పెట్టేది. అరటి గెల ఏ పదునులో కోయాలో, కాటా దగ్గర ఎటువైపు నిలబడి చూడాలో చెబుతుంటే, పని ఆపి మరీ వినేవారు.

ఒక ఏడు ఆమెకు కంద బాగా పండింది, మంచి ధరా పలికింది. "కళ్లు మూసుకుని కంద వేయండి తమ్ముళ్లూ," అంది. అందరూ వేశారు. మరుసటేడు తవ్వేసరికి అడిగే నాథుడు లేడు.

ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకు ముల్లయింది. రేపల్లె దగ్గరి హనుమంతరావు కందగుట్ట ఫొటో ఒకటి పెట్టి ఊరుకున్నాడు. అది చూశాక ఆమె గ్రూపులోంచి వచ్చేస్తానంది.

"వచ్చేస్తే ఆ కంద అమ్ముడవుద్దా?" అన్నాడు రాఘవయ్య.

మర్నాడే ఆమె రేపల్లె బస్సెక్కింది. వాకిట్లో కొత్త మనిషిని చూసి హనుమంతరావు తికమకపడ్డాడు. ఆమె నోరు విప్పగానే గుర్తుపట్టేశాడు.

"మీరా అక్కా! ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"తప్పయింది నాన్నా. నా మాట విని మునిగావు."

"చెప్పింది మీరే. కళ్లు మూసుకుంది నేనే కదండీ," అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఏడుపొచ్చింది.

అతని భార్య నాగజ్యోతి బలవంతాన కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తింటూనే శకుంతల ఎడమచేత్తో ఫోను నొక్కింది. "నన్ను నమ్మి కంద వేసినవాళ్లు క్షమించండి. ఇదెవరు కొంటారు? కొననివాళ్లు ఎందుకు కొనరు? తెలిసినవాళ్లు చెప్పండి."

మజ్జిగ పోసుకునేలోగా బాపట్లలో కర్రీ పాయింట్ నడిపే స్నేహలత జవాబిచ్చింది. "కందబచ్చలి పెడితే గంటలో అయిపోద్దండి. తరిగేవాళ్లే దొరకరు. చేతులు దురదలని పారిపోతారు."

శకుంతల, నాగజ్యోతి ముఖముఖాలు చూసుకున్నారు. ఆ రాత్రికి శకుంతల అక్కడే ఉండిపోయింది. తెల్లవారుతూనే ఇద్దరూ చేతులకు నూనె పట్టించి కత్తిపీటలు ముందేసుకున్నారు. హనుమంతరావు ఆ ముక్కలు రైల్లో తెనాలి తీసుకెళ్లి, అక్కడ మరో రైలెక్కి బాపట్ల చేర్చాడు.

నెల తిరిగేసరికి మరో మూడు కర్రీ పాయింట్లు, తెనాలిలో పెళ్లివంటల వాళ్లు ఇద్దరు ముక్కలు అడిగారు. కంద మొత్తం అమ్ముడుపోలేదు. హనుమంతరావు గుట్టలో సగం, మరో పదిమందివి కొంత కొంత కదిలాయి.

శకుంతల ఇప్పటికీ గ్రూపులో మాట్లాడుతుంది. ఏం వేయమంటారని ఎవరైనా అడిగితే, చుట్టుపక్కల ఎవరేం వేశారో, ఎవరికి అమ్ముతారో ముందు ఆమే అడుగుతుంది.

"సలహా అడిగితే ఇన్ని ప్రశ్నలేంటక్కా?" అని ఒకరు విసుక్కున్నారు.

"నాకు తెలిసింది అదొక్కటే నాన్నా," అంది.