అత్త ఇంటి గోడకు రంగు వేయించిన ఏడాది

మొన్న ఆదివారం మా ఆవిడ టవర్ క్లాక్ దగ్గర గంపలో పెట్టుకుని అమ్మే ఒకామె నుంచి డజను నాటుకోడి గుడ్లు తెచ్చింది. వాటిని డబ్బాలో సర్దుతుంటే ఒకదానిలోకి నా బొటనవేలు దిగిపోయింది. పెంకు కాగితంలా ఉంది. సొన మణికట్టు దాకా కారింది. "గుడ్డు పట్టుకోవడం కూడా రాకపాయె మీకు" అంటూ మా ఆవిడ గుడ్డముక్క కోసం లోపలికి పోయింది. నేను చెయ్యి కడుక్కోకుండా ఆ పెంకుముక్కను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు డ్రాయింగు చెప్పినవాణ్ని కనుక ప్రతిదాన్నీ వెలుతురుకు పట్టి చూడటం నాకు పాత జబ్బే. కానీ ఆరోజు చూసింది ఆ అలవాటు కొద్దీ కాదు. అలాంటి పెంకులను నేను ఒకప్పుడు గంపెడు చూశాను. అవి అలా తయారవడానికి కారణం కూడా నేనే.

మా మేనత్తది కుందుర్పి దగ్గర ఒక పల్లె. నా హైస్కూలు చదువంతా ఆమె ఇంట్లోనే సాగింది. మామ చాలా ఏళ్ల కిందటే పోయాడు, పిల్లలు లేరు, కోళ్లున్నాయి. ఎప్పుడు చూసినా పది పన్నెండు పెట్టలు, ఒక పుంజు. అత్తకు మనుషుల మీద అంత నమ్మకం లేదు గాని కోళ్ల మీద ఉండేది. ఊళ్లో ఎవరి పెట్ట పొదుగుకు వచ్చినా, ఆ ఇంటి ఆడవాళ్లు తమ గుడ్లు ఇచ్చి అత్త గుడ్లు తీసుకుపోయి పొదగేసేవాళ్లు. అత్త గుడ్డు పొదగేస్తే పిల్ల కాకుండా పోదని పేరు. ఆ పేరంటే ఆమెకు ఎంత ఇష్టమో పైకి చెప్పేది కాదు. గుడ్లు అడగడానికి ఎవరైనా వస్తే మాత్రం, ముందు కొంగు సర్దుకుని, కాసేపు లేవన్నట్టు ముఖం పెట్టి, తరువాత లేచేది.

సందుకు అవతలి ఇంట్లో పెద్దమ్మ ఉండేది. మా అత్త ఆమెను వదినా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది, అంతకుమించి చుట్టరికం ఏమీ లేదు. ఆమెకు నాలుగెకరాల శనక్కాయ చేను ఉంది. కొళాయికి నీళ్లొస్తే ఇద్దరూ కలిసి బిందెలు తీసుకుని పోయేవాళ్లు, సాయంత్రం అరుగు మీద కూర్చుని కలిసి కాయలు ఒలిచేవాళ్లు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవాళ్లు. ఒకరి మాట ఒకరికి ఎలా వినిపించేదో నాకు చిన్నప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. మా అత్తకు ఊళ్లో ఒక్క స్నేహం ఉందంటే అది పెద్దమ్మే.

ఇక నా ఘనకార్యం సంగతి. ఏడెనిమిదేళ్ల కిందట రిటైరవగానే అత్తకు ఏదైనా చేయాలనిపించింది. అత్తది రాతిగోడల ఇల్లు. ఏటా ఉగాదికి ముందు ఆమే సున్నం నానబెట్టి, ఈతాకు కుంచెతో గోడలకు కొట్టుకునేది. ఏడాది తిరిగేసరికి ఆ సున్నం పొట్టుపొట్టుగా లేచేది. అడుగు ఎత్తు దాకా అయితే కోళ్లే పొడిచి పొడిచి గుంటలు పెట్టేవి. "గోడ తింటాండాయి చూడు అల్లుడా, గింజలు ఏసినా సాలదు ఈటికి" అని చీపురు తీసుకుని అదిలించేది. ముప్పై నలభై ఏళ్లుగా ఆ చీపురూ ఆ కోళ్లూ అలాగే ఉన్నాయి. చూసి చూసి, ఆ ఉగాదికి నేను అనంతపురం నుంచి పెయింటరును తీసుకుపోయాను. పాత సున్నం అంతా గీకించి, లప్పం పెట్టించి, పైన ప్లాస్టిక్ పెయింటు రెండు కోట్లు వేయించాను. రంగు నేనే ఎంచాను, లేత గులాబీ. డ్రాయింగు మాస్టారుకు ఆ మాత్రం పెత్తనం దొరకడమే అరుదు. ఆవు నాకినా పోదు సార్ అని పెయింటరు హామీ ఇచ్చాడు. అత్త ఇంటిచుట్టూ రెండుసార్లు తిరిగి, "పెండ్లికూతురు మాదిరి ఉండాది ఇల్లు" అంది. కోళ్లు రెండు రోజులు కొత్త గోడను పొడిచి చూసి, ముక్కులు నొప్పి పుట్టాయో ఏమో, మానుకున్నాయి. అవి అలా వెనుదిరిగి పోతుండగా నేను ఫోనులో ఫోటో కూడా తీశాను.

మే నెలలో అత్త ఫోను చేసింది. "అల్లుడా, తోలుగుడ్లు పడతాండాయి" అంది. పెంకు లేకుండా, ఉత్త పొరతో మెత్తగా పడే గుడ్డును తోలుగుడ్డు అంటారు. ఒకటి రెండు అయితే ఎవరూ పట్టించుకోరు. అత్త ఇంట్లో వారానికి నాలుగైదు అలాంటివే, మిగతావి చేత్తో తీస్తేనే పగిలేంత పలచన. పగిలిన గుడ్డు రుచి మరిగి కోళ్లే గుడ్లు పొడుచుకు తినడం మొదలుపెట్టాయి. ఎండదెబ్బ అనుకుని నేను ఫోనులోనే వైద్యం చెప్పాను. గూటి మీద తడి గోనెసంచులు కప్పించాను, గింజల్లో మజ్జిగ కలపమన్నాను. అత్త తన వైద్యం తాను చేసింది. ఉప్పూ మిరపకాయలూ గూటి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఉల్లిపాయలు తరిగి పెట్టింది. ఎవరో చెప్పారని నులిపురుగుల మందు తాగించింది. కోళ్లకు మిరపకాయల ఘాటు పట్టింది, నాలుగు రోజులు తుమ్మాయి. గుడ్లు మాత్రం అలాగే పడ్డాయి.

జూన్ చివర్లో పొదుగుకు వచ్చిన పెట్ట కింద అత్త పదకొండు గుడ్లు పెట్టింది. నాలుగో రోజుకు ఆరు గుడ్లు పెట్ట బరువుకే చితికిపోయాయి. అంతకుముందు వారం గుడ్లు తీసుకుపోయిన ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, తమ గంపల్లోనూ అదే గతి పట్టిందని మెత్తగా చెప్పి పోయారు. ఆ మెత్తదనమే అత్తకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ మరునాడే ఆమె ముద్దుగా చూసుకునే నల్లపెట్ట కాళ్లు చాపేసి లేవలేకపోయింది.

అదే వారంలో ఒక పదును వాన పడింది. ఊరు ఊరంతా శనక్కాయ విత్తనాలకు తయారైంది. మా వైపు విత్తనాలకు పురుగు పట్టకుండా ఎర్రటి మందుపొడి పట్టించి నీడలో ఆరబెడతారు. పెద్దమ్మ తన వసారాలో అలా ఆరబెట్టిన విత్తనాల చుట్టూ అత్త కోళ్లు తిరుగుతుండగా ఎవరో చూశారట. నిజానికి పెద్దమ్మ ప్రతి ఏడూ విత్తనాల మీద చీరలు కప్పి, పక్కనే కట్టె పట్టుకుని కూర్చుంటుంది. అది అత్తకూ తెలుసు. కానీ ఆ సమయంలో అత్తకు ఒక కారణం కావాలి, అది మనిషైతే మరీ సులువు. కొళాయి దగ్గర పదిమంది బిందెలతో నిలబడి ఉండగా అందరూ వినేట్టు అనేసింది.

"నా కోళ్లకు మందు ఇత్తనాలు ఏసినావు గదా వదినా. ఏం పాపం చేసినాయి అయి నీకు?"

పెద్దమ్మ "నేనా?" అని మాత్రం అందట. సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి పోయిందట. మరునాటి నుంచి ఆమె కొళాయి దగ్గరికి వేరే వేళకు రావడం మొదలుపెట్టింది.

ఈ సంగతి విని నేను ఊరికి పోయేసరికి అత్త అరుగు మీద ఒంటరిగా కూర్చుని కాయలు ఒలుస్తోంది. ఆ వారమే కోళ్లకు టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ ఊళ్లోకి వచ్చింది. గోరంట్ల వైపు పిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది, చేతిలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా. నేనే బతిమాలి తీసుకొచ్చాను. ఆమె నల్లపెట్టను ఒళ్లో పెట్టుకుని రెక్కలు విప్పి చూసింది, తురాయి చూసింది, రొమ్ము ఎముకను వేళ్లతో నొక్కి చూసింది. ఒక పలచటి గుడ్డును పళ్లెంలో పగలగొట్టించింది. తెల్లసొన గట్టిగా కుదురుగా నిలబడింది. రోగమైతే ఇది నీళ్ల మాదిరి పారేది, ఇవి బాగానే ఉండాయి అంది. అత్త ఆగలేక మందు విత్తనాల మాట ఎత్తింది.

"మందు గింజలు తినింటే గుడ్లు పలచబడవు అవ్వా, కోళ్లే ఉండవు" అంది డాక్టరమ్మ. "వీటికి సున్నం చాలలేదు. అంతే. గుడ్డుకు పెంకు కట్టల్లంటే ఒంట్లో సున్నం ఉండల్ల. బయట దొరక్కపోతే ఎముకల్లోది తీసి పెంకు కడతాది కోడి. అందుకే ఇది లేవలేకుండా ఉండాది. ఈ కరువులో పురుగూ లేదు, పచ్చాకూ లేదు. మరి ఇన్ని దినాలు వీటికి సున్నం యాడిది?"

అత్త తల తిప్పి గోడవైపు చూసింది. అప్పట్లో కోళ్లు పొడిచిన అడుగు ఎత్తు భాగమూ నున్నగా, లేత గులాబీ రంగులో మెరుస్తున్న గోడ. తరువాత నావైపు చూసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇన్‌స్పెక్షన్లు ఎన్నో చూశాను గాని, అలాంటి చూపు కింద నిలబడలేదు. నేను సిగ్గుపడ్డాను, దాన్ని ఇంకో మాటతో చెప్పడం అనవసరం.

గుల్లసున్నం నోరు కాలుస్తుంది, నేరుగా పెట్టొద్దని, ఆల్చిప్పల పొడి గాని ఉడికించిన గుడ్ల పెంకుల పొడి గాని వేరే చిప్పలో పెడితే కావలసినంత అవే తింటాయని, మూడు వారాలు ఓపిక పట్టమని డాక్టరమ్మ చెప్పి పోయింది. ఆల్చిప్పల పొడి తెస్తానని నేను అనంతపురానికి బయలుదేరేలోపే అత్త గంప తీసుకుని ఊరవతల కూలిపోయిన పాత చావడి దగ్గరికి పోయింది. అక్కడి గోడల నుంచి, ఘాటు ఎప్పుడో చచ్చిన పాత సున్నపు గార పెళ్లలు ఏరుకొచ్చి రోట్లో దంచింది. చిప్పలో పోసి పెట్టగానే కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగబడ్డాయి. వాటిని చూస్తూ అత్త చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. "నలభై ఏండ్లు చీపురు తీసుకోని తరుముతి ఈటిని" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మూడు వారాలకు పెంకులు గట్టిపడ్డాయి. నల్లపెట్ట కుంటుతూనైనా తిరిగింది. ఇక మిగిలింది పెద్దమ్మ. అత్త పది మంచి గుడ్లు ఏరి, ఇత్తడి గిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది. తప్పు చేసినవాడే మోయాలని ఆమె లెక్క కాబోలు. పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది, పిల్లల గురించి అడిగింది. డాక్టరమ్మ చెప్పినదంతా నేను చెబుతుంటే విన్నది. గుడ్లు తీసుకుని, గిన్నె కడిగి, తుడిచి, నాకు తిరిగి ఇచ్చింది. గిన్నె ఖాళీగా ఉంది. మా వైపు ఇరుగుపొరుగు గిన్నె ఎవరూ ఉత్తగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేస్తారు.

అత్త నన్నేమీ అడగకుండా ముందు గిన్నెలోకి చూసింది.

"ఉత్త గిన్నె ఇచ్చె" అంది. గిన్నె బోర్లించి పెట్టి, "ఇయ్యదా మల్ల. మాట అంటిని నలుగుర్లో. గుడ్లు పంపితి ఎవురూ చూడకుండా సందులోంచి" అంది.

మరునాడు పొద్దున అత్త, పెద్దమ్మ కొళాయికి వచ్చే వేళ కనుక్కుని మరీ పోయింది. నేనూ వెనకే బిందె పట్టుకుని పోయాను. ఆ వేళకూ ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అత్త బిందె కింద పెట్టి, ఎవరినీ పలకరించకుండా, నేరుగా పెద్దమ్మతో అంది.

"వదినా, నీమింద నేను అన్న మాట అబద్ధం. కోళ్లకు సున్నం లేకపాయె. నీ ఇత్తనాలు కాదు. నాది తప్పు. అందరూ ఇనండి."

అత్త తన జీవితంలో ఇంకెవరితోనైనా అలా అనగా నేను వినలేదు. పెద్దమ్మ బిందె నిండేదాకా చూసింది. నిండాక నడుముకు ఎత్తుకుంది. "సరేలే" అని, ఎవరివైపూ చూడకుండా పోయింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను నేను. అత్త అనుకోలేదు. ఆ తరువాత పదిహేను రోజులకోసారి గిన్నె పంపుతూనే ఉంది. గుడ్లు తీసుకోవడం పెద్దమ్మ మానలేదు, గిన్నె ఉత్తగా పంపడమూ మానలేదు. నేను ఎప్పుడు ఊరికి పోయినా మోసే పని నాదే. విసుగొచ్చి ఒకసారి, ఇంక చాలులే అత్తా అన్నాను. "నీకేం తెల్సు, గమ్మున పోయిరాప్పో" అంది. ఆ ఏడు శనక్కాయ పంట పోయింది. మరుసటి ఏడు వానలు కొంచెం దయతలిచాయి. కాయ పెరికి, ఎండబెట్టి, ఒలిచే కాలం వచ్చింది. అప్పటికి లేత గులాబీ గోడ దుమ్ము పట్టి ఏ రంగో చెప్పడానికి వీల్లేకుండా తయారైంది.

ఆ కాలంలోనే ఒక సాయంత్రం మామూలుగా గిన్నె పట్టుకుని పోయాను. పెద్దమ్మ గుడ్లు తీసి, గిన్నె కడిగి, లోపలికి పోయింది. తిరిగి వచ్చి గిన్నె నా చేతిలో పెట్టేటప్పుడు అది బరువుగా తగిలింది. అంచు దాకా కొత్త శనక్కాయ గింజలు.

"ఈటికి మందు కలపలేదని చెప్పప్పా మీ అత్తకు" అంది. ముఖం మామూలుగానే ఉంది.

నేను సందు దాటి వచ్చి గిన్నె ఇచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అత్త గిన్నెలోకి చూస్తూ నిలబడింది. పిడికెడు గింజలు తీసి ఒకేసారి నోట్లో వేసుకుంది, నమలడానికి వీల్లేనన్ని. నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. నోరు ఖాళీ కాకముందే చెప్పులు వేసుకుని సందు దాటిపోయింది. కాసేపటికి అవతలి అరుగు మీద నుంచి రెండు గొంతులు ఒకేసారి మాట్లాడటం వినిపించింది.

కోళ్లకు మూడు వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పగలిగింది. వాళ్లిద్దరికీ పద్నాలుగు నెలలు పట్టింది, మధ్యలో ఉన్నది ఒక ఎద్దులబండి పట్టేంత సందే అయినా.