గొంతు లేని రేడియోల కృష్ణప్ప

తుంగభద్రకు ఈవలి ఒడ్డున ఏ పాత రేడియో నోరు విప్పినా అది మా తాత కృష్ణప్ప పెట్టిన భిక్షే. యముడి దున్నపోతు మెడలో గంట మూగబోయినా సరే, దాన్ని ఎమ్మిగనూరు బస్సెక్కించి మా ఇంటికే పంపాలి. తాత దాన్ని విప్పి, ఊది, తుడిచి, టంకం పెట్టి, యముడికే చెవిపోటు వచ్చేలా మోగించి ఇస్తాడు. కాకపోతే అందాకా యముడు మా గడప చుట్టూ చెప్పులరిగేలా తిరగాల్సి ఉంటుంది. ఎందుకంటే తాత దృష్టిలో లోకంలోని రేడియోలన్నిటికీ, టీవీలన్నిటికీ ఒకటే జబ్బు: "దీనికి గొంతు లేదు."

వాల్వు కాలిపోవడం, తీగల్ని ఎలుకలు కొరకడం, పెట్టెలో బొద్దింకలు కాపురం పెట్టడం, ఇవన్నీ ఆయనకు పూటలో తేలిపోయే పనులు. అసలు జబ్బు దగ్గరే ఆగిపోతాడు.

"పాడతాంది కదప్పా, ఇచ్చేయి" అంటాడు వచ్చినవాడు.

"పాడతాంది. గొంతు యాడుంది?"

"వీధి చివర దాకా ఇనపడ్తాంది!"

"వీధి చివర నీకేం పని? ఈడ ఇనపడాల."

ఈడ అంటే నేసే మనిషి కూర్చునే మగ్గం గుంతలో. మాది చేనేత ఇల్లు. ముందు గదిలో అవ్వ అంజనమ్మ మగ్గం, మిగిలిన చోటల్లా తాత రేడియోలు. మేము వాటి సందుల్లో పడుకుంటాం. మా అమ్మ వసంత బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే స్పీకర్ తగులుతుంది. మొదట్లో అరిచేది. ఇప్పుడు ఓపిక లేక, స్పీకర్ పక్కకు జరిపి బియ్యం తీసుకుంటుంది.

తాత పరీక్ష కూడా మగ్గం దగ్గరే. బాగు చేసిన రేడియోను దూలానికి కొక్కెం వేసి మగ్గం పైన వేలాడదీస్తాడు. అవ్వ పోగుల మధ్య నాడె విసురుతూ, పలక లాగుతూ ఉంటుంది. ఇల్లంతా టకటక. తాత మగ్గం చుట్టూ తిరిగి వెళ్లి ఆమె ముఖానికి ఎదురుగా వంగి అడుగుతాడు.

"ఇనపడిందా?"

అవ్వ పెదవి విరుస్తుంది. "సన్నం."

అంతే, తీర్పు అయిపోయింది. రేడియో మళ్లీ కిందికి దిగుతుంది, స్పీకర్ ఇంకాస్త పెద్దదవుతుంది. ఇరుగుపొరుగుకు మాత్రం నిద్ర కరువు. పక్కింటి మారెప్ప పోట్లాడడం ఎప్పుడో మానేశాడు. గోడ అవతలి నుంచి "కృష్ణప్పా, ధర బాగుంటే చెప్పు, ఇల్లు అమ్మేస్తా" అని నీరసంగా అంటాడు.

నందవరం గిడ్డయ్య తెచ్చిన చెక్క తలుపుల టీవీ సంగతి ఇంకో కథ. పాత నలుపు తెలుపు టీవీ. దానికి బొమ్మ రప్పించడానికి తాత ఏదో పెట్టెను మధ్యలో తగిలించాడు. బొమ్మ వచ్చింది. మనుషులు కాస్త పొట్టిగా ఉన్నా ముఖాలు తెలుస్తున్నాయి. గిడ్డయ్య మురిసిపోయాడు.

"బొమ్మ ఎవనికి కావాలప్పా, గొంతు సూడు" అని తాత దానికి పెళ్లిళ్ల మైకుసెట్టు స్పీకర్ బిగించాడు. గిడ్డయ్య ఇంటికి తీసుకెళ్లి సాయంత్రం వార్తలు పెట్టగానే గేదె పలుపు తెంచుకుని పరిగెత్తింది. మర్నాడు ఫోన్ చేశాడు.

"మామా, బర్రె పాలియ్యడం లేదు."

"గొంతు ఎట్లుంది?"

"బర్రెదా?"

"టీవీది రా!"

ఇట్లా రోజులు గడుస్తుండగా ఆదోని పత్తి వ్యాపారి విశ్వేశ్వరయ్య శెట్టి వాళ్ల నాన్న వాడిన పెద్ద వాల్వు రేడియోను కారులో పట్టుకొచ్చాడు. శుక్రవారం కొత్త అంగడి తెరుస్తున్నాడు. నాన్న గద్దె పక్కన ఆ రేడియో మోగాలని ఆయన కోరిక. తాత దాన్ని చటుక్కున బాగు చేశాడు. ఇవ్వలేదు. శెట్టి వచ్చాడు, తిరిగి పోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట. ఆఖరికి ఆయనకు విసుగెత్తింది.

"కృష్ణప్పా, బుధవారం వస్తా. రేడియో చేతికి రాలేదా, నువ్వు పని తెలియని మోసగానివని ఆదోని మార్కెట్టంతా చాటిస్తా. ఆపైన నీ గడప ఎవడు తొక్కుతాడో సూస్తా."

మేమందరం భయపడ్డాం. తాతకు ఆస్తంటూ ఉన్నది పేరొక్కటే. అమ్మ బతిమాలింది: "ఇచ్చేయి మామా, ఆ గొంతు చాలు."

"మీ అత్త ఒప్పుకోలేదు కదమ్మా" అన్నాడు తాత.

బుధవారం శెట్టి వచ్చేసరికి పోగులు తెగి మగ్గం ఆగి ఉంది. అవ్వ తల వంచుకుని పోగులు అతుకుతోంది. ఇంట్లో వేరే చప్పుడే లేదు. తాత కొక్కానికి తగిలించిన రేడియోను పెట్టాడు. కన్నడ వార్తలు చదివే ఆవిడ మా పెంకులు ఎగిరిపోయేలా అరిచింది. నేను చెవులు మూసుకున్నాను. శెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

అవ్వ తల ఎత్తలేదు.

తాత మగ్గం చుట్టూ తిరిగి వెళ్లి, ఎదురుగా వంగి అడిగాడు. అవ్వ ఆయన పెదవుల వంక చూసి, కొక్కెం వంక చూసి, నిట్టూర్చింది. "యాడప్పా, సన్నం. దీనికీ గొంతు లేదు."

ఇన్నాళ్లూ మగ్గం చప్పుడుకు వినపడదనుకున్నాం. మగ్గం ఆగి ఉంది. అమ్మా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. శెట్టికీ అర్థమైంది.

"కృష్ణప్పా, ఇది రేడియో తప్పు కాదు. మీ ఆమెకు చెవు..."

తాత గబుక్కున వచ్చి శెట్టి చెయ్యి పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి తప్పు ఒప్పుకోని మనిషి రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదే శెట్టీ. నాకు పని రాదు. పోయి మార్కెట్లో చాటించుకో. ఈడ మాత్రం ఆ మాట వద్దు. నాకు రిపేరు నేర్పింది ఆ చెవే. నేను టంకం పెడ్తాంటే గరగరా, గుయ్యా, ఏ తీగ వదులో ఆ గుంతలో కూర్చుని చెప్పేది. నన్ను మెకానిక్కును చేసిన మనిషికి నువ్వింక తీర్పు చెప్పొద్దు అని ఎట్ల చెప్పాల?"

"ఏమంటాడు శెట్టి?" అని గుంతలోంచి అవ్వ గట్టిగా అడిగింది.

శెట్టి పంచె ఎత్తి పట్టుకుని, మగ్గం చుట్టూ తిరిగి వెళ్లి, ఆమె ముఖానికి ఎదురుగా వంగాడు.

"గొంతు సన్నముందంటాండానమ్మా!"

"నేనూ అదే అంటి. ఈయనకు ఎంత చెప్పినా ఇనపడదు శెట్టీ. వయసైంది."

శెట్టి రేడియో వదిలేసి వెళ్లిపోయాడు. తాత ఆ పూటంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అలసిపోయినట్టున్నాడు. పొద్దు వాలేముందు లేచి, రేడియోను కొక్కెం నుంచి దించి, నేసిన గుడ్డ చుట్టుకునే కర్ర మీద, అవ్వ చెయ్యి ఆనే చోట పెట్టాడు. రేడియో మోగింది. కర్ర సన్నగా వణికింది. అవ్వ అరచెయ్యి పెట్టె మీద పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి తల ఊపింది.

"ఆ, ఇప్పుడు వచ్చింది గొంతు. మద్దెల కూడా తెలుస్తాంది."

మర్నాడు శెట్టి వచ్చి రేడియో తీసుకుపోయాడు. శుక్రవారం అది ఆదోనిలో మోగిన మోతకు పక్క అంగట్లో తక్కెడ ఊగిందట. శెట్టి వాల్యూమ్ తగ్గించలేదు. మార్కెట్లో ఆయన ఏం చాటించాడో తెలియదు కానీ, అప్పట్నుంచి ఆదోని నుంచి ఎవరొచ్చినా చెప్పులు విడిచి, నేరుగా మగ్గం ముందుకు పోయి, వంగి, అవ్వకు ముఖం చూపించి, "కొంచెం ఇని చెప్పమ్మా" అంటున్నారు. మా ఇంట్లో మోత రెండింతలైంది. మారెప్ప ఇల్లు నిజంగానే బేరానికి పెట్టాడు.

ఇదంతా రాసి తాత ముందు పెట్టాను. "నీ గురించే తాతా. చదివి వినిపించేదా?"

ఆయన టంకం పుల్ల దించకుండానే అన్నాడు: "పదో తరగతి తప్పినదానివి, నీ రాత ఎవరు సదువుతారులే. మీ అవ్వకు ఇనిపించాలనుంటే మాత్రం, పెదవులు కనపడకుండా తల వంచుకుని మెల్లగ సదువు."