బండలాగుడు పందెం, వచ్చే ఏటి తాంబూలం

కర్నూలులో మేము పనిచేసే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఏదో ఒక వాదన లేనిదే టీ గొంతు దిగదు. ఈ ఎండాకాలమంతా ఒకటే వాదన. వచ్చే ఏడాది ఢిల్లీలో జరగబోయే అంతర్జాతీయ ఆటలకు అంత ఖర్చు అవసరమా అని. నేను ఎకనామిక్స్ చెబుతాను కాబట్టి అవసరం లేదన్న పక్షం నాది. ఆటలయ్యాక తాళాలు పడ్డ స్టేడియాల గురించి పేపర్లో ఏది వచ్చినా కత్తిరించి నోటీసు బోర్డుకు గుచ్చేవాణ్ణి. అవతలి పక్షం మా ఫిజికల్ డైరెక్టర్ సుబ్బారెడ్డిది. రెండేళ్ల కిందట హైదరాబాదులో అంతర్జాతీయ ఆటలు జరిగినప్పుడు పిల్లలను రైలెక్కించి తీసుకెళ్లి చూపించుకొచ్చిన మనిషి. తిరిగొచ్చాక ఆడపిల్లలు హర్డిల్స్ కావాలని అడిగితే, మా దగ్గర లేక, లైబ్రరీ బెంచీలు వరసగా పెట్టి దూకించాడు. ఆ బెంచీల ఖరీదు ఎవరు కడతారని నేను అడగడం, ఆ దూకుడు ఖరీదు నీకు తెలుసా అని అతను అడగడం, బెల్లు కొట్టడం. ఇదీ వరస.

ఒకరోజు నేను మాట జారి, ఇదంతా ఒట్టి తిరునాళ్ల ఖర్చు అన్నాను. సుబ్బారెడ్డి టీ గ్లాసు కింద పెట్టాడు. "తిరునాల ఎప్పుడన్నా దగ్గరుండి చూసినావా సార్? మా ఊర్లో వచ్చే వారం బండలాగుడు పందేలుండాయి. మా అన్న ఇంట్లోనే ఈ ఏటి భారం. వచ్చి చూసి, అప్పుడు మాట్లాడు," అన్నాడు. ఊరి పేరు రాయొద్దని ఆ ఇంటివాళ్లు అడిగారు కాబట్టి రాయడం లేదు. మైదుకూరుకు దగ్గర, నల్లమల కొండలు కనిపించే వైపు అనుకుంటే చాలు. బయలుదేరేటప్పుడు మా ఆవిడ, వాదన కోసం ఇంత దూరం పోయే మనిషిని మిమ్మల్నే చూశాను అంది.

కర్నూలు బస్టాండులో తెల్లవారుజామున కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మైదుకూరుకు ఎనభై రూపాయల చిల్లర టికెట్, నాలుగు గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ పట్టుకుంటే ఉదయపుటెండ ముఖాన పడదు. నంద్యాల దాకా నిద్ర, నంద్యాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు పదిహేను రూపాయలు, పది నిమిషాల్లో తినాలి, డ్రైవరు మన కోసం ఆగడు. ఆళ్లగడ్డలో అహోబిలం వెళ్లేవాళ్లంతా దిగిపోవడంతో బస్సు సగం ఖాళీ అయింది. చాగలమర్రి దాటాక రోడ్డుకు రెండు పక్కలా దున్ని వదిలేసిన పొలాలే. దుక్కిలో పచ్చగా కనిపించేది ఏదన్నా ఉంటే అది సర్కారు తుమ్మ.

మైదుకూరులో షేర్ ఆటో నడిపే బాషా, మనిషికి పది రూపాయలని చెప్పి, పదిమందిని ఎక్కించాడు. నన్ను తన పక్కన సగం సీటు మీద కూర్చోబెట్టుకున్నాడు. తిరునాల వల్ల ఏమన్నా మిగులుతుందా అని అడిగాను. మూడు దినాలు ఆటో ఆగదు సార్, నాలుగో దినం మళ్లీ ఈడే కూర్చొని ఈగలు తోలుకుంటా ఉంటా అన్నాడు. నేను వెనక్కి తిరిగి సుబ్బారెడ్డి వైపు గెలిచినట్టు చూశాను. ఇంతలో బాషా తన ధోరణిలో తాను, ఈరోజు ఆఖరి దినం కాబట్టి మధ్యాహ్నం మాత్రం ఎవరు పిలిచినా పోనని, ఆటో పక్కన పెట్టి పందెం చూస్తానని, ఆ పూట కిరాయి పోయినా ఫర్వాలేదని చెప్పాడు. ఈసారి వెనక నుంచి సుబ్బారెడ్డి నా భుజం తట్టాడు.

ఊరు చేరేసరికి మైకులో జతల పేర్లు చదువుతున్నారు. ఎడ్ల జత ఎక్కడిది, యజమాని ఎవరు, ఏ విభాగంలో లాగుతుంది అని. ఎద్దు వయసు దాని పళ్లు చెబుతాయి, వాటిని బట్టే విభాగాలు: రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన పెద్దవి. ప్రకాశం, గుంటూరు, మహబూబ్‌నగర్ నుంచే కాదు, రాయచూరు నుంచి కూడా లారీల్లో ఎడ్లు దిగాయి. ఊరి బయట చదును చేసిన బాట, దాని మీద నలుచదరపు బండ. ఇచ్చిన సమయంలో ఆ బండను ఎంత దూరం లాగితే అంత గొప్ప. బహుమతులు ఊళ్లో పెద్దలు తలా ఒకటి ఇస్తారు. అది తేలికే. అసలు బరువు వేరే ఉంది. వచ్చిన ఎడ్లకు మేత, నీళ్లు, వెంట వచ్చిన మనుషులకు మూడు రోజులు తిండి, ఏడాదికి ఒక ఇల్లు మోస్తుంది. ఎవరు మోస్తారన్నది ముందు ఏడాదే తేలుతుంది. ఆఖరి రోజు సాయంత్రం ఊరి పెద్ద తాంబూలం పళ్లెం పట్టుకొని నిలబడతాడు. ఆ పళ్లెం మగవాళ్లకు ఇవ్వరు. వండి పెట్టాల్సింది, నీళ్లు చూడాల్సింది ఆ ఇంటి ఇల్లాలు కాబట్టి ఆమె చేతికే ఇస్తారు. ఆమె తీసుకుంటే వచ్చే ఏడు పందేలు ఉన్నట్టు. ఎవరూ తీసుకోకపోతే లేనట్టు. సుబ్బారెడ్డి వదిన ఓబుళమ్మ వరసగా ఎన్నో ఏళ్లుగా తీసుకుంటోంది.

వీరారెడ్డి, అంటే సుబ్బారెడ్డి అన్న, మమ్మల్ని చూసి నవ్వాడే గాని రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. రాయచూరు ఎద్దుకు గిట్ట నొప్పంటే పసరు పిండించడానికి పరుగెత్తాడు. మనిషి ముఖంలో పెళ్లింటి కళ ఉంది. మధ్యాహ్నం షామియానా కింద రాగి సంగటి, చెనిక్కాయల (అదే, వేరుశనగల) పచ్చడి, కోడి కూర. వంటాయన నా ఆకులో రెండో ముద్ద వేయబోతే వద్దన్నాను. వద్దనే మాట ఈ ఊరి పందిట్లో వినపడదు సార్ అని, వేసి వెళ్లాడు.

భోజనమయ్యాక నీడ కోసం ఇంటి వెనక తోటలోకి నడిచాను. బత్తాయి తోట. ఇక్కడ చీనీ అంటారు. ఓబుళమ్మ అక్కడ ఒక్కతే ఉంది, చెట్టు కింద రాలిన పిందెలు ఏరి కొంగులో వేసుకుంటోంది. గోళీకాయలంత పిందెలు. ఎందుకు రాలుతున్నాయని అడిగాను. బోరు గంటసేపు పోసి గాలి కొడుతోందట. ఆ గంట నీళ్లూ ఈ మూడు రోజులు అతిథుల ఎడ్ల తొట్లకే. ఊరి కట్టుబాటు ప్రకారం ముందు వచ్చిన ఎడ్లు తాగాలి, తర్వాత మనుషులు, ఆ తర్వాత ఇంటి ఎడ్లు. చెట్ల వంతు ఎక్కడా లేదు.

ఆమెకు పందేలంటే గిట్టదేమో అనుకున్నాను. అదేం కాదు. వాళ్ల నాయన ఎడ్లు అటు కోడుమూరు దాకా పోయి గెలిచొచ్చేవట. చిన్నప్పుడు బండ మీద కూర్చొని ఊరేగిందట. పెద్ద విభాగం ఎడ్లు బాట మీదికి దిగుతుంటే తనకు ఇప్పటికీ చేతిలో పని జారిపోతుందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి, నా వైపు సూటిగా చూసింది.

"మా మరిది చెప్పినాడు, నువ్వు ఖర్చుల లెక్కలు చెప్పే సారంట గదా. ఈ సాయంత్రం పళ్లెం వస్తాది. తీసుకుంటే తోట పోతాది. తీసుకోకపోతే ఊరికి పందెం పోతాది. మా ఇంటాయనకు ప్రాణం పోయినట్టుంటాది. నువ్వే చెప్పన్నా, ఏం చెయ్యమంటావు?"

ఏళ్ల తరబడి క్లాసులో, స్టాఫ్‌రూమ్‌లో, చివరికి బస్సులో కూడా ఈ ప్రశ్నకు సమాధానం చెబుతూ వచ్చిన మనిషిని నేను. అక్కడ మాత్రం, వీరారెడ్డితో ఒకసారి మాట్లాడి చూడమ్మా అన్నాను. ఆమె నవ్వి, ఎద్దుల నడుమ ఆయన దొరికితే కదా అని, కొంగులో పిందెలు దిబ్బ మీద పోసి వంటల వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం పెద్ద విభాగం మొదలైంది. చూడనివాళ్లకు చెప్పడం కష్టం. తెల్లటి ఒంగోలు ఎడ్లు మూపురాలు ముందుకు వంచి మోకాళ్లు నేలకు తాకేలా కుంగి లాగుతుంటే, బండ కదలక ముందే జనం గొంతులు కదులుతాయి. చెర్నాకోల గాలిలో ఆడుతుంది, ఈలలు, దుమ్ము, బండ కింద రాయి నలిగే చప్పుడు. బాషా ఆటో టాపు మీద నిలబడి ఉన్నాడు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో, ఎప్పుడు అరవడం మొదలుపెట్టానో నాకే తెలియదు. ప్రకాశం జిల్లా జత గెలిచింది. నాకేమీ కాని ఆ ఎడ్లు గెలిచినందుకు నేను సుబ్బారెడ్డిని కావలించుకున్నాను.

బహుమతులయ్యాయి. ఊరి పెద్ద పళ్లెం తెచ్చాడు. తమలపాకులు, వక్కలు, పసుపు, కొబ్బరికాయ. కట్టుబాటు ప్రకారం ముందు ఈ ఏటి ఇంటి ముందే ఆగాలి. వీరారెడ్డి అప్పటికే తువ్వాలు సర్దుకొని, భార్య పక్కకు వచ్చి, నవ్వుతూ నిలబడ్డాడు. ఓబుళమ్మ చేతులు చాచలేదు. రెండు చేతులూ జోడించి పళ్లేనికి దండం పెట్టింది.

"వచ్చే ఏడు నా చేత కాదు. నీళ్లు లేవు," అంది. మాట స్పష్టంగానే ఉంది.

మైకాయన మైకు దించేశాడు. ఊరి పెద్ద ఆమెను బతిమాలలేదు, కోప్పడలేదు. పళ్లెం పక్కింటికి తీసుకెళ్లాడు, ఆపైన ఇంకో ఇంటికి. అన్ని ఇళ్ల బోర్లదీ అదే కథ. ఒక్కొక్క ఆడమనిషీ ఆకులు కళ్లకద్దుకొని పళ్లెం తిరిగి ఇచ్చేసింది. ఓబుళమ్మ నోరు తెరిచాక మిగతావాళ్లకు ధైర్యం వచ్చినట్టుంది. చివరికి ఊరి పెద్దే పళ్లేన్ని గుళ్లో ఆంజనేయస్వామి ముందు పెట్టి, తలుపు దగ్గరికి వేశాడు. అతిథులు మారుమాట లేకుండా ఎడ్లను లారీలెక్కించారు. వీరారెడ్డి ఎవరినీ చూడకుండా ఇంట్లోకి వెళ్లాడు. సుబ్బారెడ్డి నా పక్కన కూర్చొని, "నువ్వే గెలిచినావు లే సార్," అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. నేను ఇన్నేళ్లుగా జరగాలని వాదించింది కళ్ల ముందే జరిగింది. నాకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మోటరు చప్పుడుకు మెలకువ వచ్చింది. తోటలో వీరారెడ్డి పంచె పైకి కట్టి, పారతో కాలువ మళ్లిస్తున్నాడు. బోరు గాలి కొట్టేలోపు ఎన్ని చెట్లకు అందితే అన్ని చెట్లకని ఆత్రం. ఓబుళమ్మ నాలుగు చెట్ల అవతల పాదులు సరిచేస్తోంది. నన్ను చూసి అతను పార ఆపాడు.

"ఎద్దుల చుట్టూ తిరుగుతా, తోటలోకి వచ్చి నెల దాటింది సార్. పిందె ఇంతగా రాలుతాండాదని నాకు తెల్దు," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆమె నాకు ఎన్నిమార్లు చెప్పిందో, నేను యాడ విన్నానో," అన్నాడు. మళ్లీ కాలువలోకి వంగాడు. చివరి వరస చెట్ల దాకా నీళ్లు పోకముందే బోరు గాలి కొట్టింది.

తిరుగు బస్సులో మేమిద్దరం వాదించుకోలేదు. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆలోచించాను. పెద్ద ఆటలకు డబ్బు పోయడం దండగ అని ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఆ సాయంత్రం నేను వేసిన కేకలకు ఖరీదు కట్టడం నాకు చేతకాదు. మంచిదే అని కూడా అనలేను, దిబ్బ మీద పడ్డ ఆ పిందెలను చూశాను. ఒక్కటి మాత్రం తెలిసింది. ఆ చిన్న ఊరు, మోసే మనిషి ముందుకు పళ్లెం పట్టుకెళ్లి, అందరి ఎదుట అడిగింది. ఆమె కాదంటే ఆగింది. దేశాలు ఆతిథ్యం ఒప్పుకునేటప్పుడు ఆ పళ్లెం ఎవరి ముందుకు వెళుతోంది? ఎవరి నీళ్లో, ఎవరి గుడిసెలో, ఎవరి కూలి డబ్బులో ఆ ఆటల కింద పోతున్నప్పుడు, వాళ్లలో ఒక్కరినైనా అడిగారా? అడిగితే చాలామంది ఒప్పుకుంటారేమో కూడా. ఓబుళమ్మ అన్నేళ్లు ఒప్పుకుంది కదా.

ఆ వైపు వెళ్లాలనుకునేవారికి ఒక మాట. బండలాగుడు పందేలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా జరుగుతున్నాయి, మైదుకూరు బస్టాండులో ఏ ఆటో అతన్ని అడిగినా ఎక్కడో చెబుతాడు. తప్పక చూడండి. వెళ్లేటప్పుడు తాగే నీళ్లు మాత్రం మీవి మీరు మోసుకెళ్లండి. అక్కడ మీరు అడిగితే లేవని ఎవరూ అనరు.