మల్లె అత్తరూ, తేనెటీగ మీసాలూ

సౌదీలో ఉండి పనిచేసుకోనిచ్చే ఇఖామా అనే చిన్న కార్డు కోసం మనిషి ఎంత వినయంగా మారిపోతాడో ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ రోజుల్లో నాకు పాతికేళ్లు, కాలు ఒకచోట నిలిచేది కాదు. "వీని అరికాళ్లలో చక్రాలుండాయి" అని కడపలో మా అమ్మ మొత్తుకునేది. అలాంటి నాకు తాయిఫ్ దగ్గర ఒక షేకు నడిపే తేనెటీగల కేంద్రంలో పొద్దస్తమానం కదలకుండా కూర్చునే ఉద్యోగం దొరికింది (దేవుడికీ వేళాకోళమే). డబ్బాలోని ఈగల్ని ఫ్రీజర్‌లో పెట్టి, అవి మగతపడ్డాక ఒక్కోదాని మీసాన్ని మైక్రోస్కోపు కింద సర్ది తెర మీద చూపించాలి. మీసాలంటాం గానీ నిజానికి అవి వాటి ముక్కులు. సన్నని నూగు మధ్య చిన్న చిన్న బిళ్లలుంటాయి, పువ్వు వాసన పట్టేది అవే.

మూడు నెలల ట్రయల్ ముగిసే రోజున కఫీల్, అంటే మా షేకే, స్వయంగా వస్తానన్నాడు. పని నచ్చితే ఇఖామా, లేకపోతే ఎగ్జిట్ కొట్టి ఇంటికి. ఇంట్లో చెల్లెలి నర్సింగ్ చదువు నా మీదే ఉంది. పొద్దున్నే గదిలో పచార్లు మొదలుపెట్టాను. మా డ్రైవర్ భాయ్‌ది హైదరాబాదు. నన్ను చూసి "అరే, కఫీల్ ముందటికి అత్తరు లేకుండ పోతరా?" అంటూ నా మెడకీ మణికట్లకీ మల్లె అత్తరు దండిగా పూశాడు. ఈగలతో పనిచేసేవాడు వాసనలు పూసుకోకూడదని మొదటి రోజే, ఈగల మీద పరిశోధన చేసే మా ఈజిప్టు డాక్టరు చెప్పాడు. ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది?

కఫీల్ కారు గేటు దాటింది. నేను అప్పటికే ఫ్రీజర్ తలుపు నాలుగుసార్లు తీసి చూశాను. ఇక ఆగలేక, ఈగలు సరిగ్గా మగతపడకముందే డబ్బా బయట పెట్టి మూత తీశాను.

కఫీల్ కుర్చీలో కూర్చుని డాక్టరుతో, "ఇంత వెంట్రుకంత మీసానికి వాసన తెలుస్తుందంటే నేను నమ్మను" అన్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. నేను సన్నని పట్టకారుతో ఒక ఈగను పట్టబోయాను. అది లేచింది, దాని వెనక మిగతావన్నీ లేచాయి. గది నిండా మనుషులుండగా అన్నీ నా మెడ దగ్గరికే వచ్చాయి. నేను బల్ల చుట్టూ పరుగు, అవి నా చుట్టూ పరుగు. "కదలకు! కదలకు!" అని డాక్టరు అరుస్తున్నాడు. ఈ జన్మలో నాకు చేతకాని పని అదొక్కటే.

మూడు కుట్టాయి. చెవి వంకాయంత అయింది. తలుపు దగ్గర నిలబడి, నా సామాను సర్దుకోమంటారని ఎదురుచూశాను. కఫీల్ కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, "ఇప్పుడు నమ్మాను" అన్నాడు. తర్వాత డాక్టరుతో, "వీణ్ణి కుర్చీలో కట్టేయడం పాపం. పూలు ఎక్కడ పూస్తే అక్కడికి తేనెపెట్టెల లారీతో పంపించండి" అని నా ఇఖామా కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ లారీతోనే పదహారేళ్లు తిరిగాను. చెల్లెలు నర్సయింది. మోకాళ్ల కోసం రోజూ నడవమని ఇప్పుడు అదే ఫోన్లో పోరుతుంది, నేను కుర్చీలోంచి లేవకుండానే "నడుస్తున్నానమ్మా" అంటాను.